పొద్దుండగానే బువ్వ

పర్వతాలు మంచివాడు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడై ఉంటే పెళ్లాం రోగాన్ని గాలికి వదిలేసేవాడు. అప్పుడు కూతురో, పక్కింటివాళ్లో వచ్చి ఆమెను రెక్క పట్టుకుని దవాఖానకు లాక్కుపోయేవాళ్లు. ఏమో, ఇవాళ పోచమ్మ మిర్యాలగూడ సంతలో వంకాయలు ఏరుకుంటూ, పుచ్చులున్నాయని కూరగాయలామెతో కొట్లాడుతూ ఉండేదేమో. పర్వతాలు అట్లా వదిలేసే మనిషి కాడు. ప్రాణం పెట్టి పట్టించుకున్నాడు.

అతనిది తిరుమలగిరి దగ్గర ఒక మెట్ట పల్లె. గొర్లు కాసే ఇల్లు. తండ్రి పొద్దంతా బీళ్లెంబడి తిరిగి, మందను దొడ్లోకి తోలి, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాకే ఆ ఇంట్లో కుండ మీద మూత లేచేది. ఆయన తిన్నాక తల్లి తినేది. మేత కరువైన ఏడు తండ్రి మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు, మఠంపల్లి వైపు పోతే, ఆయన ఈపాటికి ఎక్కడో ఒక చోట తినే ఉంటాడని నమ్మకం కుదిరేదాకా తల్లి ముద్ద ముట్టేది కాదు. ఆ నమ్మకం ఎప్పుడూ బాగా పొద్దుపోయాకే కుదిరేది.

పోచమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఆకలికి ఆగలేక రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. అత్త చూసింది.

"మొగోడు ఇంక గొర్ల కాడ్నే ఉండె, నీకు అప్పుడే ఆకలైందా బిడ్డా?" అంది.

నవ్వుతూనే అంది. గొంతులో కోపం కూడా లేదు. పోచమ్మకు మాత్రం ఆ ఒక్క మాట జీవితానికి సరిపోయింది. మళ్లీ ఎన్నడూ మొగుడి కంటే ముందు తినలేదు.

ఆ తర్వాత గొర్లకు రోగమొచ్చి మంద సగానికి సగం పోయింది. మిగిలిన వాటిని తమ్ముడు మల్లేష్‌కు వదిలేసి, పర్వతాలు పెళ్లాన్నీ, చిన్నపిల్ల గోపికనూ వెంటబెట్టుకుని మిర్యాలగూడ చేరాడు. అది రెండువేల ఒకటో సంవత్సరం. వడ్లను ఉడకబెట్టి బియ్యం పట్టే మిల్లు ఒకదాంట్లో పని దొరికింది. బాయిలర్ మంటలోకి ఊక ఎగేసే పని. మనిషి నిబ్బరంగా ఉండాలి, మంట ఎక్కువ కాకూడదు, తగ్గకూడదు. గొర్లను కనిపెట్టుకున్నట్టే మంటను కనిపెట్టుకునేవాడు కాబట్టి మేస్త్రి అతన్ని ఇక వదల్లేదు. రెండో షిఫ్ట్‌కు పెట్టాడు. పగలు భోజనాల వేళ దాటాక లోపలికి పోతే, వీధిలో అందరూ ఒక నిద్ర తీసి లేచే వేళకు బయటపడేవాడు.

అతను వచ్చేసరికి పోచమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. ఉడికిన వడ్ల వాసనతో, ఒంటి నిండా బూడిదతో వచ్చిన మొగుడికి నీళ్లు తోడి, కూర వేడిచేసి వడ్డించేది. అతను తిని చాప మీద ఒరిగేవాడు. అప్పుడు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని మిగిలింది తిని, బోళ్లు తోమి, తిన్న బువ్వ గొంతులో ఉండగానే పడుకునేది. పన్నెండేళ్లు ఇట్లాగే నడిచింది. గోపిక పెద్దదై, పెళ్లయి, కోదాడ పోయింది. ఆ పద్ధతి మాత్రం మారలేదు.

"తినేసి పండుకోరాదే, నా కోసం గీ జాగారమెందుకు?" అని అతను ఒకటి రెండుసార్లు అనకపోలేదు.

"నువ్వు తినక ముందు నాకు ముద్దెట్ల దిగుతదయ్యా?" అనేది ఆమె.

ఉన్నమాట చెప్పాలంటే ఆ జవాబు అతనికి ఇష్టంగా ఉండేది. ఊక ఎగేసి ఎగేసి చేతులు కొట్టుకుపోయిన మనిషికి, ఇంట్లో ఒకరు తనకోసం ఆకలితో కూర్చున్నారన్న సంగతి నెయ్యి వేసినంత కమ్మగా ఉండేది. అందుకే మూడోసారి అడగలేదు.

రెండువేల పదమూడు వానాకాలంలో వాళ్ల వీధి బడిలో ఆడవాళ్లకు ఉచిత వైద్య శిబిరం పెట్టారు. పక్కింటి కరుణ అంగన్‌వాడీలో పనిచేసేది. ఆమే పోచమ్మను బలవంతాన తీసుకుపోయింది. పోచమ్మ ఎడమ రొమ్ములో ఏదో గట్టిగా తగులుతోందని కరుణకు గాని, మొగుడికి గాని తెలియదు. చెప్పుకునే చోటా అది?

మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. పర్వతాలు గేటు బయట చింతచెట్టు కింద నిలబడి బీడీ ముట్టించాడు. లోపల డాక్టరమ్మ మైకులో మాట్లాడుతోంది. ఆమె మాటలు వీధంతా వినబడుతున్నాయి.

"అమ్మలూ, వేళకు తినండి. రాత్రి బాగా పొద్దుపోయాక తిని, తిన్న వెంటనే పడుకునే అలవాటుంటే మానుకోండి. రాత్రి డ్యూటీలకూ, వేళ తప్పిన తిండికీ, రొమ్ము కేన్సర్‌కూ సంబంధం ఉందేమోనని పెద్ద పెద్ద చోట్ల పరిశోధనలు చేస్తున్నారు. ఇంకా ఖాయంగా తేలలేదు. కానీ చీకటి పడకముందే తింటే ఒంటికి మంచిదే. ఆ ముప్పు కాస్త తగ్గినా తగ్గవచ్చు."

పర్వతాలు చేతిలో బీడీ ఆరిపోయింది. మళ్లీ ముట్టించలేదు.

మైకు ఆగాక డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పరదా వెనక్కి పిలిచి చూసింది. అక్కడ పోచమ్మతో చెప్పిన మాటలు మైకులో రాలేదు. పోచమ్మ బయటికొచ్చాక, ఇంటికి సగం దూరం నడిచాక గాని నోరు విప్పలేదు.

"గడ్డ ఉన్నదంట," అంది. "సూర్యాపేటకన్న, పట్నమన్న పోయి సూది పెట్టించుకోవాల్నంట. అండ్లకెల్లి జర తీసి పరీక్ష చేస్తరంట. ఆలస్యం చెయ్యకు, ఈ వారంలనే పో అన్నది."

అతను నడిరోడ్డు మీద ఆగిపోయాడు. వెనక నుంచి వడ్ల లారీ హారన్ కొడుతుంటే పోచమ్మే చెయ్యి పట్టి పక్కకు లాగింది.

"నా ఎంబడే అయింది," అన్నాడు.

"ఏందయ్యా?"

"గా మైకుల చెప్పలేదా? పొద్దువోయినంక తింటే గిట్లయితదని. పన్నెండేండ్లు నిన్ను ఆకలితోని కూసోబెట్టిన. నేనే తెచ్చిన నీకు గీ రోగం."

డాక్టరమ్మ అట్లా అనలేదు. ఆమె అన్నది 'ఏమో' అని, 'తేలలేదు' అని. కానీ గేటు బయట నిలబడ్డ మనిషికి ఆ 'ఏమో'లు పట్టలేదు. తన తప్పు ఒకటి అంత స్పష్టంగా మైకులో వినబడ్డాక దాన్ని దిద్దుకోవాలన్న తొందరలో పడ్డాడు. తప్పు తనదైతే దిద్దుబాటు కూడా తన చేతుల్లోనే ఉంటుందని పిచ్చి నమ్మకం. పొద్దుపోయి తిని తెచ్చుకున్న రోగం పొద్దుండగా తింటే పోదా? ఇంత తేలికైన లెక్కకు సూది ఎందుకు?

మర్నాడు మిల్లులో తావుర్యాతో చెప్పుకున్నాడు. తావుర్యా వాడపల్లి దగ్గరి తండావాడు, ఇద్దరూ ఒకే బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు. అతను మంచికే అనుకుని ఒక మాట చెప్పాడు.

"సూది మాత్రం పెట్టియ్యకన్నా. మా చిన్నమ్మకు గట్లనే పెట్టిచ్చినం. గడ్డ ఊకున్నది ఊకుండక రేగి ఒళ్లంత పాకింది. పండుగ దాక గూడ ఉండలే."

ఆ చిన్నమ్మ సూది పెట్టించుకునే నాటికే పుండుపడి ఉందని తావుర్యాకూ తెలుసు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించే అవసరం అతనికి రాలేదంతే.

కోదాడ నుంచి గోపిక ఫోన్ చేసింది. "నాయినా, కరుణక్క అంతా చెప్పింది. రేపే సూర్యాపేట తీస్కపో అమ్మని. తెల్లకార్డు ఉంది కదా, దవాఖానలో రూపాయి పనిలేదు. నువ్వు ఊరికే నానబెట్టకు," అంది. కోదాడ పోయాక దాని మాటలో ఆంధ్ర యాస చేరింది.

"నువ్వు పరేషాన్ కాకు బిడ్డా. నేను సూసుకుంటున్న గదా," అన్నాడు పర్వతాలు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

మేస్త్రి దగ్గరికి పోయి మొదటి షిఫ్ట్ అడిగాడు. మొదటి షిఫ్ట్‌లో బాయిలర్ దగ్గర ఖాళీ లేదన్నాడు మేస్త్రి. కళ్లం మీద ఉడికిన వడ్లు ఆరబోసే పని ఉంది, చేస్తావా అన్నాడు. అది వయసులో ఉన్నవాళ్లు చేసే పని. ఎండలో, కాలుతున్న గచ్చు మీద, పొగలు కక్కే వడ్లను పార లాంటి చెక్కతో నెట్టుకుంటూ తిరగాలి. పర్వతాలు ఒప్పుకున్నాడు. మొదటి వారం అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు చూసుకుంటే అతనికి ఎక్కడో తృప్తిగా కూడా ఉండేది. ఇంత కష్టపడుతున్నాం, ఊరికే పోతుందా అని.

అట్లా పోచమ్మ జీవితంలో ఒక కొత్త సంగతి మొదలైంది. పడమటి మిల్లు పొగగొట్టం మీదికి పొద్దు వాలుతుండగానే మొగుడు ఇంటికొచ్చేవాడు. స్నానం చేసి, చాప తెచ్చి వాకిట్లో పరిచేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఒకే చాప మీద, ఒకే వేళకు తినడం అదే మొదలు. జొన్నరొట్టె, గోంగూర తొక్కు, ఒకనాడు పెసరపప్పు, ఒకనాడు ఎండుచేపలు. ఏం వండినా ఆ వెలుతురులో రుచిగానే ఉండేది.

మొదటి రోజు పోచమ్మ కంచం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తినవేందే?" అన్నాడు.

"నువ్వు ముద్ద పెట్టుకో."

"నీ కోసమే గదా గిదంత. నువ్వు మొదలువెట్టు."

"పెట్టుకో అయ్యా, పొద్దువోతున్నది," అని నవ్వింది.

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక గాని ఆమె చెయ్యి కంచంలోకి పోలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ పోలేదు. ఇదొక్కటి మార్చలేకపోయాడు. పోనీలే, పొద్దుండగానే తింటోంది కదా అని సరిపెట్టుకున్నాడు.

వీధిలో ఆడవాళ్లు చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. "కొత్త జంట బువ్వకు కూసున్నది, ఎవ్వరు వాకిట్లకు పోకుండ్రి," అని కరుణ ఆటపట్టించేది. పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తింటూ తింటూ ఇద్దరూ ఎన్నడూ చెప్పుకోని మాటలు చెప్పుకున్నారు. అత్త తనను రొట్టె దగ్గర ఎట్లా పట్టుకుందో పోచమ్మ అభినయించి చూపిస్తే అతనికి పొలమారింది. నవ్వు ఆగాక తన కంచంలోని రొట్టె సగం తుంచి ఆమె కంచంలో వేశాడు.

కాస్త అయ్యాక అడిగాడు. "గడ్డ ఎట్లున్నది?"

"మెత్తవడ్డది," అంది.

ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే మాట. మెత్తబడింది, చిన్నగైంది, చేతికి తగలనే తగలట్లేదు. అతను తానై చెయ్యిపెట్టి చూడబోతే సిగ్గని విసిరికొట్టేది. మనిషి కూడా సన్నబడింది. పొట్ట తగ్గింది, దవడలు లోపలికి పోయాయి. పొద్దుండగా తింటే కొవ్వు కరుగుతుందని టీవీలో కూడా ఎవరో చెప్పారు కాబట్టి అది బాగుపడుతున్న గుర్తే అనుకున్నాడు. మిల్లులో పదిమందికి చెప్పాడు. కళ్లం మీద పనిచేసేవాళ్లలో కొందరు ఇళ్లల్లో పెందలాడే తినడం మొదలుపెట్టారు. వాళ్లకు మంచే జరిగి ఉంటుంది, ఎందుకు జరగదు?

చలికాలం పోయింది. ఎండలు ముదిరే ముందు గోపిక చెప్పాపెట్టకుండా కోదాడ బస్సు దిగింది. వచ్చేసరికి పోచమ్మ స్నానానికి పోతోంది. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. వీపు రుద్దుతానని గోపిక వెనకే పోయింది. వాకిట్లో చాప పరుస్తున్న పర్వతాలుకు తడికల లోపలి నుంచి కూతురి కేక వినబడింది.

అతను తడిక దగ్గరికి పరుగెత్తాడు. కూతురు తల్లికి చీర చుట్టి బయటికి తెచ్చింది. దాని ముఖం పాలిపోయి ఉంది.

"నాయినా, నువ్వు చూశావా ఎప్పుడన్నా? చూశావా?" అని అరిచింది. "తోలు బత్తాయి తొక్కలాగ అయిపోయింది. చంకలో గడ్డ, మెడ కింద గడ్డ. రసి కారుతుంటే పేలికలు పెట్టుకుంటోంది. ఆరునెలల నుంచి ఏం చేస్తున్నారు ఇద్దరూ?"

పర్వతాలు పోచమ్మ వైపు చూశాడు. ఆమె చాప వైపు చూస్తోంది. పొద్దు గొట్టం మీదికి వాలుతోంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ సూర్యాపేట పోయారు. అక్కడి డాక్టరు నడివయసు మనిషి. చూశాడు, స్కానింగ్ తీయించాడు, పోచమ్మను గోపికతో బయట కూర్చోబెట్టి పర్వతాలును లోపలికి పిలిచాడు.

"మొదట ఎప్పుడు తెలిసింది?"

"వానకాలంల సారు. బడి కాడ క్యాంపుల."

"అప్పుడు పరీక్షకు వెళ్లమన్నారు కదా? వెళ్లలేదా? మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"పొద్దుగూకక ముందే తింటున్నం సారు," అన్నాడు పర్వతాలు. చెప్తూ చెప్తూ అతనికి తన గొంతే పరాయిగా వినబడింది. "ఒక్క పూట గూడ తప్పలే. నేను బాయిలర్ పని గూడ ఇడ్సిపెట్టిన."

డాక్టరు కలం కింద పెట్టాడు. తిడతాడని పర్వతాలు ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"పెందలాడే తినడం మంచి అలవాటేనయ్యా," అన్నాడు డాక్టరు మెల్లగా. "రోగం లేని మనిషికి రేపు రాకుండా అది కొంత సాయపడుతుందేమో. ఎంతో మనకు ఇంకా సరిగ్గా తెలియదు. వచ్చి కూర్చున్న గడ్డకు మాత్రం మీరెప్పుడు తిన్నారన్నది ఏం పట్టదు. నీ వల్ల వచ్చిందని కూడా ఎవరూ చెప్పలేరు. సవాలక్ష కారణాలుంటాయి."

"మరి సూది పెడితే పాకుతదని..."

"పాకదు. సూదితో తెలిసేది. అప్పుడే తెలిసి ఉంటే ఆపరేషన్ చేసి తీసేసేవాళ్లు. చాలామంది బతుకుతారు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి, ఎముకల్లోకి పోయింది. పట్నం రాసిస్తాను. నొప్పి తగ్గడానికి వైద్యం చేస్తారు."

'నీ వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేరు' అన్న మాట విని మామూలుగా అయితే మనిషి ఊపిరి పీల్చుకోవాలి. పర్వతాలుకు ఊపిరాడలేదు. పన్నెండేళ్ల తప్పు తనది కాకపోవచ్చునట. ఈ ఆరునెలల తప్పు మాత్రం తనదే. ఏ తప్పు దిద్దుకుంటున్నానని రోజూ చాప పరిచాడో, ఆ చాప మీదే ఆమె ప్రాణం తీశాడు.

బయటికొచ్చాడు. గోపిక మందులు తేవడానికి పోయింది. పోచమ్మ దవాఖాన ముందు బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూలబడ్డాడు.

"మెత్తవడ్డదన్నవ్ గదనే," అన్నాడు. "రోజూ అడిగిన. రోజూ అబద్ధం చెప్పినవ్."

 ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. బజార్లో, పదిమందిలో ఆమె అట్లా చెయ్యి వెయ్యడం అతనెరుగడు.

"దసరకే తెల్సింది నాకు, పెరుగుతున్నదని," అంది. "చెప్పాల్నని నోటిదాక వచ్చేది. నువ్వు చాప పరిచి పిలిచేటోనివి. ఇన్నేండ్లల్ల ఎన్నడన్న నా ఎదురుంగ కూసోని తిన్నవా? తిన్నవా అని నన్ను అడిగినవా? గడ్డ పెరిగిందని చెప్తే, ఇదంత ఉత్తదే అని నువ్వు మల్ల బాయిలర్ కాడికి పోతవేమో అనుకున్న. ఇంకో నాల్గు దినాలు ఇట్లనే తిందాం, తర్వాత చెప్దాం అనుకున్న. గట్లనే అయిపోయింది."

 ఎదురుగా తిరుమలగిరి బస్సు ఆగింది, జనం తోసుకుంటూ ఎక్కారు, బస్సు పోయింది. అతను ఆమె చెయ్యి మీద తన చెయ్యి వేసి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

పట్నంలో ఇచ్చిన మందులతో కొన్నాళ్లు గడిచింది. కొత్త రాష్ట్రం వచ్చిందని మిర్యాలగూడ అంతా పటాకులు కాలుస్తున్న వారంలో పోచమ్మకు బువ్వ సయించడం మానేసింది. పర్వతాలు పనికి పోవడం మానేశాడు. పొద్దు గొట్టం మీదికి వాలే వేళకు గంజి కలిపి చెంచాతో నోటి దగ్గర పెట్టేవాడు. ఆమె పెదవులు బిగించి తల తిప్పేది. అతని వైపు చూసేది. ఆ చూపు అర్థమై, అతను ముందు ఒక చెంచా తాను తాగేవాడు. అప్పుడు ఆమె నోరు తెరిచేది. లోపలికి పోయింది కొంత, పక్కకు కారింది కొంత. ఒకనాడు అతను తాగాక కూడా నోరు తెరవలేదు. ఆ రాత్రే పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. చచ్చినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ ఎదురుచూడాలి. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్లు తినాలి. ఆమె ముందు, మిగిలినవాళ్లు తర్వాత. ఆ ఒక్క రోజుకు పద్ధతి అట్లా తిరగబడుతుంది.

కాలువ ఒడ్డున, ఆమెను బొంద పెట్టిన చోట మోదుగ విస్తరి పరిచారు. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, కోడికూర, తెల్లటి అన్నం. పల్లె నుంచి మల్లేష్ వచ్చాడు, తావుర్యా వచ్చాడు, కరుణ వచ్చింది. అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. మిల్లు కళ్లాల మీద వడ్లు తిని బలిసిన కాకులు తుమ్మచెట్టు నిండా కూర్చున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

మధ్యాహ్నం గడిచింది. పొద్దు వాలుతోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

"వదినకు ఏదో మనసుల మిగిలింది," అన్నాడు మల్లేష్. "చెప్పుండ్రి, ఎవరన్న మాటియ్యుండ్రి."

గోపిక విస్తరి దగ్గరికి పోయి చేతులు జోడించింది. "అమ్మా, నాయినను నేను చూసుకుంటానే. కోదాడ తీస్కపోతానే. తినమ్మా," అంది. కాకులు కదల్లేదు. తావుర్యా ముందుకొచ్చి, "వదినా, నాదే తప్పు, సూది వద్దన్నది నేనే," అని నేల మీద తల ఆనించాడు. ఒక కాకి కొమ్మ మారింది, అంతే.

పొద్దు మిల్లు గొట్టానికి దగ్గరైంది. రోజూ చాప పరిచే వేళ. అప్పటిదాకా రాయిలా కూర్చున్న పర్వతాలు లేచాడు. నేరుగా పోయి విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఏం జేస్తున్నవ్?" అని మల్లేష్ అరిచాడు.

పర్వతాలు రొట్టె తుంచాడు. చింతచిగురు పప్పులో అద్దాడు. చచ్చినామె ముట్టని కూడు అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాడు. ముసలమ్మలు నోళ్లు నొక్కుకున్నారు. ఒకామె "అపచారం, అపచారం" అంటూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అతను నమిలాడు. బలవంతాన మింగాడు.

"తిన్ననే," అన్నాడు. "నేను తిన్న. ఇగ నువ్వు తిను."

లేచి నాలుగడుగులు వెనక్కి వచ్చాడో లేదో తుమ్మచెట్టు మీద నుంచి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి తిరిగి, అతను తుంచిన రొట్టె ముక్కనే ముక్కున కరుచుకుంది. దాని వెనక ఇంకోటి దిగింది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ చేతులు జోడించారు. పిల్లలను తీసుకుని ఆడవాళ్లు వడ్డనకు కదిలారు. గోపిక వచ్చి తండ్రి భుజం పట్టుకుని, "అమ్మ శాంతించింది నాయినా," అంది.

పర్వతాలు అక్కడే మట్టిలో కూలబడ్డాడు. అతనికి శాంతి అనిపించలేదు. 

"సచ్చినంక గూడ నాకంటె ముందు తినకపాయెనే బిడ్డా," అన్నాడు. "గీ ఒక్క దినమన్న ముందు తినకపాయె."

గోపిక అతని పక్కనే కూర్చుంది. కాకులు విస్తరి ఖాళీ చేసి పోయాయి. పొద్దు ఇంకా గూకలేదు.